గంజి తాగిన దెయ్యం

1987లో హాంకాంగ్‌లో చింగ్ సియూ తుంగ్ తీసిన ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’కి మూలం పు సోంగ్‌లింగ్ రాసిన ‘నియే షియావోచియాన్’ కథ. అందులో నాయిక భయపడే భూతం ‘యేచా’. మన యక్ష శబ్దమే బౌద్ధంతో చైనా చేరి అలా మారింది. సినిమాలో దాని స్థానంలో పొడవాటి నాలుక చాచే చెట్టుదెయ్యం వచ్చింది. తెరకు ఈ మార్పు మేలే చేసింది. నష్టం మరోచోట జరిగింది, గమనించండి. కథలో ఆ దెయ్యంపిల్ల నింగ్ తల్లికి సేవచేస్తూ, ఆరునెలలకు గంజి తాగడం మొదలుపెట్టి, చివరికి ఇల్లాలై బిడ్డల్ని కంటుంది. సినిమా ఇద్దర్నీ తెల్లవారేసరికి విడదీసింది. గాలిలో పోరాటాలు, ఎగిరే పట్టుబట్టలు కనువిందే, కాదనను. అయినా చీకటి పడగానే తల్లి భయపడి ఆమెకు పడక వేయని ఘట్టాన్ని మూలంలో చదవండి. అంతటి భయం ఈ సినిమాలో ఎక్కడా లేదు.