పదిహేను వందల పరిశోధన

మిరప కోతలొచ్చాయంటే ఈ కాలమ్‌లో పాత నస మొదలవుతుందని పాఠకులకు తెలుసు: బడి గురించి బడిలోనే పరిశోధన జరగాలి, దానికి డబ్బివ్వాలి. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) పెట్టి, టీచరే తన బడిని పరిశీలించే యాక్షన్ రీసెర్చ్‌ను దాని పనుల్లో చేర్చారు. మనకు బోయపాలెం, మైనంపాడు డైట్‌లు అలా వచ్చినవే. తీరా సర్వశిక్షా అభియాన్ కాలంలో పరిశోధన, మూల్యాంకనం, పర్యవేక్షణ అన్నిటికీ కలిపి బడికి ఏడాదికి 1500 రూపాయలకు మించకుండా లెక్క కట్టారు. పర్యవేక్షణ తన వాటా తీసుకున్నాక పరిశోధనకు మిగిలేదెంత? పదింతలు చేయమనాలనిపిస్తుంది.

నా కోరికకు అడ్డుపడే సాక్ష్యం మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2005 నుంచి రెండేళ్లు, లాటరీ పద్ధతిలో ఎంచిన 100 బడులకు పిల్లవాడికి ఏటా 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇచ్చి చూశారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు గ్రాంటు వల్ల ఒరిగిందేమీ కనబడలేదు. బడి ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు పిల్లల చదువుకు తమ చేతి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ తదితరులు 2013లో ప్రచురించిన సంగతిది. బడి దస్త్రాలతో ఆగిపోయి ఉంటే గ్రాంటు దండగని తేల్చేవారు. ఇంటి ఖర్చు అడిగారు కనుక అసలు కథ దొరికింది.

మన నల్లరేగడి ఊళ్లలో ఆ ఇంటి కథ టీచరుకు ముందే తెలుసు. పత్తి తీతకు ఏ పిల్ల వెళ్లింది, కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకొచ్చిన వాళ్ల పిల్లలు ఏ కళ్లంలో ఉన్నారు అన్నది వారం వారం రాయడానికి నోటు పుస్తకం, ఆటో చార్జీ చాలు. ఒక్క బడి లెక్క ఊరందరికీ వర్తిస్తుందా అంటారు. వర్తించకపోయినా ఆ బడికి పనికొస్తుంది. పది బడులు ఒకే పద్ధతిలో రాస్తే మండలానికీ పనికొస్తుంది. సొంత బడిని కొలిచే టీచరు అంకెలు దిద్దరా అన్నదే గట్టి అభ్యంతరం. దిద్దుతారు, హాజరు తగ్గితే సంజాయిషీ రాయించుకునే చోట ఎవరైనా దిద్దుతారు. అక్కడ పదింతల డబ్బు పోస్తే పదింతల నున్నటి నివేదికలొస్తాయి. కాబట్టి పెంచమనే నా డిమాండు ఈసారికి వెనక్కి తీసుకుంటున్నాను. పరిశోధన కోసం రాసిన హాజరు మీద సంజాయిషీ అడగబోమని డీఈవో ఆఫీసు నుంచి ఒక్క కాగితం వస్తే, ఆనాటి 1500 లాంటి మొత్తంలోనూ చిల్లర మిగులుతుంది.