ఎనభై ముగ్గురి సాక్ష్యం ఏదీ?

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఆళ్లగడ్డలో మా అద్దె గదిలో పదకొండు మంది పిల్లలు లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నారు. పిల్లలు అంటున్నాం గానీ అందరూ ఇంటర్ దాటినవాళ్లే. అహోబిలం పక్క గూడేల వాళ్లు ఇద్దరు, ఆత్మకూరు వైపు బైర్లూటి, నాగలూటి వాళ్లు ఐదుగురు, మిగిలినవాళ్లు తండాల పిల్లలు. ఎక్కువమంది నంద్యాలలో గదులు తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకో, అగ్నివీర్ పరుగుకో తయారవుతున్నారు. యూనిఫాం వేసుకోబోయే పిల్లలకు తుపాకీ గురించి మాట్లాడే సినిమా ఒకటి చూపించాలనుకున్నాం. 2000 సంవత్సరంలో వచ్చిన ‘రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్’ అనే అమెరికా సినిమా పెట్టాం. ఇంగ్లీషు మాటలు అర్థం కాని చోట ఆపి చెప్పాం. అందువల్ల రెండు గంటల సినిమా మాకు నాలుగు గంటలు పట్టింది.

కాల్పులు ఎప్పుడు జరపాలి, ఎప్పుడు ఆపాలి అని సైన్యం రాసుకునే నియమాలకు ఆ పేరు. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్. కథ ఇచ్చిన జేమ్స్ వెబ్ వియత్నాం యుద్ధంలో మెరీన్‌గా పోరాడి, తర్వాత అమెరికా నౌకాదళ మంత్రిగా పనిచేసిన మనిషి. సైనికుడి వైపు నుంచి రాసిన కథ అని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

కథ చిన్నదే. యెమెన్‌లో అమెరికా రాయబార కార్యాలయం చుట్టూ జనం మూగుతారు. రాళ్లు పడతాయి, ఎదురు మేడల మీద నుంచి కాల్పులు జరుగుతాయి. కర్నల్ చిల్డర్స్ తన మెరీన్లతో దిగి రాయబారిని, ఆయన భార్యాబిడ్డలను కాపాడతాడు. ముగ్గురు మెరీన్లు చనిపోతారు. అప్పుడు చిల్డర్స్ కింద ఉన్న గుంపు మీద కాల్చమని ఆజ్ఞ ఇస్తాడు. ఎనభై మూడు మంది చనిపోతారు. అమెరికా ప్రభుత్వం తన పరువు కోసం నేరమంతా అతని ఒక్కడి మీదికి నెట్టి సైనిక కోర్టులో నిలబెడుతుంది. ఒకప్పుడు వియత్నాంలో అతను ప్రాణం కాపాడిన స్నేహితుడు హాడ్జెస్ అతని తరఫున వాదిస్తాడు. కార్యాలయం మీద ఉన్న కెమెరా తీసిన వీడియో టేపును పైఅధికారి సోకల్ కాల్చేస్తాడు. గుంపు చేతిలో తుపాకులు ఉన్నాయన్న రుజువు ఆ టేపుతోనే పోతుంది.

సినిమాలో బలం ఉంది, కాదనలేం. శామ్యూల్ జాక్సన్ ముఖంలో ఆ మేడ మీది క్షణం చూసినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. పక్కన మనిషి పడిపోయాడు, తూటాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు, ఆజ్ఞ ఇవ్వాల్సింది తనే. చల్లటి గదిలో కూర్చున్న వకీలు తర్వాత పది వారాలు తీరిగ్గా చీల్చి చూసే పనిని సైనికుడు గుటక మింగేలోపు చేయాలి. ఈ మాట నిజం. దాన్ని తేలిక చేసే హక్కు మాకు లేదు. రేపు మా గదిలో కూర్చున్న పిల్లల్లో ఒకడు ఆ మేడ మీద ఉండొచ్చు.

కానీ నాగలూటి పిల్లవాడు ఒకడు సినిమా మధ్యలో ఆపమన్నాడు. ఒంటికాలి చిన్నపాప ఒకతె ఈ సినిమాలో ఉంది. కాల్పుల్లో కాలు పోయిన పాప. హాడ్జెస్ యెమెన్ వెళ్లినప్పుడు ఆమెను చూస్తాడు, మన గుండె కలుక్కుమంటుంది. తర్వాత ఒకచోట చిల్డర్స్ జ్ఞాపకంగా ఆ రోజు దృశ్యం మళ్లీ వస్తుంది. ఈసారి అదే పాప చేతిలో పిస్తోలు ఉంటుంది, పైకి కాలుస్తూ ఉంటుంది.

“సార్, ముందు చూసినప్పుడు ఆ పాప చేతిలో ఏం లేకపాయె గదా. ఈ తుపాకీ యాడనుంచి వచ్చె?” అన్నాడు.

మేము ఎన్ని మాటలు రాసినా ఈ సినిమా మీద అంతకంటే మంచి విమర్శ రాయలేం. మొదటిసారి జనాన్ని చూపినప్పుడు మన కంటికి ఆననివ్వని ఆయుధాలు, రెండోసారి సైనికుడి జ్ఞాపకంలోంచి చూపినప్పుడు చేతిచేతికీ మొలుస్తాయి. కోర్టులో రుజువు కావాల్సిన విషయాన్ని దర్శకుడు కోర్టు బయట మన కళ్లకే నేరుగా రుజువు చేసి పెట్టాడు. ఇక జడ్జీలు ఏం తేల్చినా మనకు అనవసరం, మనం ‘చూశాం’ కదా. చిల్డర్స్ నిజం చెబుతున్నాడా లేదా అన్న అనుమానం మీద నడవాల్సిన సినిమా, ఆ అనుమానాన్ని తానే చంపేసుకుంది. పైగా ఒక జాతి మొత్తాన్ని, కాలు లేని పసిపిల్లతో సహా, శత్రువు చేసింది. సినిమా వచ్చినప్పుడే అమెరికాలోని అరబ్బు సంఘాలు దీన్ని గట్టిగా తప్పుపట్టాయి. వాళ్లకు ఎక్కడ నొప్పి పుట్టిందో మాకు అర్థమైంది. చెంచు అనగానే సినిమాల్లో ఈకలు, ఆకులు కట్టి గంతులు వేయించడం చూస్తూ పెరిగినవాళ్లం మేము.

కోర్టు బోను చూడండి. వియత్నాంలో చిల్డర్స్‌కు ఎదురుగా పోరాడిన అధికారిని రప్పిస్తారు. నిరాయుధుడైన ఖైదీని చిల్డర్స్ కాల్చి చంపడం కళ్లారా చూసినవాడాయన. ఆయన స్థానంలో మీరుంటే అలాగే చేసేవారా అని హాడ్జెస్ అడిగితే అవునంటాడు. చివర్లో ఇద్దరూ ఒకరికొకరు సెల్యూట్ చేసుకుంటారు. శత్రువైనా అధికారి అధికారే, అతనికి కుర్చీ ఉంది, మర్యాద ఉంది. చనిపోయిన ఆ ఖైదీ పేరు మాత్రం ఎవరూ అడగరు. యెమెన్ వైపు నుంచి ఒక డాక్టరు వస్తాడు. ఆయన సాక్ష్యం కాస్తా అమెరికన్లను చంపమని చెప్పే క్యాసెట్టు చుట్టూ తిరిగి ముగుస్తుంది. గాయపడి బతికినవాళ్లు, బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు బోను ఎక్కరు. ఎనభై మూడు అనేది ఆ కోర్టులో ఒక అంకె, అంతే.

మా తాత వేట ఎరిగిన మనిషి. అడవిలో జంతువును కొడితే జైలని చట్టం రాకముందు మాట. ఎలుగుబంటి చీరిన గుర్తు ఆయన భుజం మీద ఉండేది. పొద కదిలిందని బాణం వదలొద్దు అని చెప్పేవాడు. దానికి ఆయన చెప్పిన కారణం చాలా మామూలుది. మన ఆడవాళ్లు గడ్డలు తవ్వేది కూడా ఆ పొదల్లోనే. ముందు కూత వేయాలి. మనిషైతే బదులిస్తుంది. కూత వేస్తే జంతువు పారిపోతుంది గదా, ఆ రోజు తిండి పోతుంది గదా అని మేము అడిగితే, పోతుంది అనేవాడు. ఎలుగు మీదికే దూకినప్పుడు కూత వేసే తీరిక ఉండదని కూడా ఆయనకు తెలుసు, భుజమే సాక్ష్యం. కానీ రెండూ ఒకటే అని ఎప్పుడూ అనలేదు. పొరపాటున మనిషికి తగిలితే వేసినవాడు గూడెం పెద్దల ముందు, దెబ్బ తిన్నవాళ్ల ఇంటివాళ్ల ఎదుట, తన నోటితో జరిగింది చెప్పాలి.

ఈ కూత గురించే మేము పిల్లలతో ఆ సాయంత్రం ఎక్కువసేపు మాట్లాడాం. ఎందుకంటే యెమెన్ కథ కల్పన, మన కథలు కావు.

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 2012 జూన్ 28 రాత్రి విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి జనం కూడారు. బలగాలు చుట్టుముట్టి కాల్చాయి. పదిహేడు మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులు అని మొదట చెప్పారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఏడేళ్ల తర్వాత, 2019లో, చచ్చినవాళ్లు మావోయిస్టులన్న రుజువు లేదని, జనం వైపు నుంచి కాల్పులు జరగలేదని, బలగాలు కంగారులో కాల్చి ఉండొచ్చని చెప్పింది. అదే జిల్లా ఎడెస్‌మెట్టలో 2013 మే 17 రాత్రి, అదే విత్తనాల పండుగ వేళ, ఎనిమిది మంది ఆదివాసీలు చనిపోయారు. అక్కడా కమిషన్ తేల్చింది కంగారు కాల్పులనే. ఒక జవాను కూడా ఆ రాత్రి చనిపోయాడు. అతని ఇల్లూ ఇల్లే.

ఇక నాగాలాండ్ మోన్ జిల్లా ఓటింగ్. 2021 డిసెంబర్ 4, శనివారం. బొగ్గు గనిలో పనిచేసే కొన్యాక్ యువకులు వారం కూలి చేసుకుని బండిలో ఇంటికి వస్తుంటే సైన్యం తీవ్రవాదులనుకుని కాల్చింది. ఆరుగురు అక్కడే పోయారు. తర్వాత గొడవల్లో ఇంకొందరు పోయారు. ఆపమన్నా బండి ఆగలేదని కేంద్ర హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. బతికినవాడు, ఎవరూ ఆపమనలేదన్నాడు. అంటే గొడవంతా ఆ కూత మీదే. కూత వేశారా, లేదా? ఇది తేలాల్సింది కోర్టులో. రాష్ట్ర పోలీసులు ముప్పై మంది సైనికుల మీద చార్జిషీటు వేశారు. ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసులను మూసివేసింది. సైన్యం తనంతట తాను క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని వదిలింది.

మన నల్లమలకే వద్దాం. 2006 జులైలో ఇక్కడి అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని, మావోయిస్టు రాష్ట్ర నాయకుడు మాధవ్‌తో సహా ఎనిమిది మంది చనిపోయారని పోలీసులు చెప్పారు. పౌరహక్కుల సంఘం హైకోర్టుకు వెళ్లింది. చనిపోయినవాళ్లు ఎవరు, మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆత్మరక్షణ కోసం కాల్చాం అని కాల్చినవాళ్లే చెప్పి, వాళ్లే నమ్మి, వాళ్లే ఫైలు మూసుకోవచ్చా అన్నదే ప్రశ్న. ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న, కుదరదు అంది. మనిషి చనిపోయాడు గనుక కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలి అని చెప్పింది. సుప్రీంకోర్టు వెంటనే ఆ తీర్పు అమలును ఆపింది. తర్వాత 2014లో వేరే కేసులో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. నల్లమల చెట్ల కింద మొదలైన ప్రశ్న ఢిల్లీ దాకా పోయిందని మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. మేము చదివిన ఉపాధ్యాయ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సినిమాకు వెనక్కి వస్తే మాకు ఒక వింత కనపడింది. సైనికుణ్ణి కోర్టుకు ఈడ్వడమే పెద్ద అన్యాయం అన్నట్టు ఆ సినిమా మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది. నల్లమల కేసులో అడిగింది మాత్రం ఆ కోర్టు గదినే. చిల్డర్స్ నిలబడ్డట్టు ఒకరు నిలబడి, ఆ రోజు నేను ఏం చూశాను, ఎందుకు కాల్చాను అని చెప్పాలి. ఎదుటివాళ్లూ చెప్పాలి. వింటే చిల్డర్స్‌లాగా నిర్దోషి అనే తేలవచ్చు. తేలనీ. సార్కేగూడ జనానికి దక్కింది కమిషన్. కమిషన్ నివేదిక రాస్తుంది, తీర్పు చెప్పదు. ఓటింగ్ జనానికి విచారణే దక్కలేదు.

ఒక పిల్లవాడికి ఇదంతా నచ్చలేదు. అహోబిలం వైపు వాడు, పరుగులో అందరికంటే ముందుంటాడు. “మీరు చెప్పేది విని నేను అడివిలో ఒక్క సెకను ఆగితే, నన్ను ఏస్తారు సార్. మా యమ్మకు ఎవురు చెప్తారు?” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. కూత వేయమని చెప్పిన మా తాత భుజానికి కూడా గాయమే మిగిలింది. బస్తర్‌లో సీఆర్‌పీఎఫ్ 2017లో అక్కడి ఆదివాసీ యువతీయువకులతోనే బస్తరియా బెటాలియన్ నిలబెట్టింది. తుపాకీకి ఇటు చివరా అటు చివరా మన పిల్లలే ఉన్న చోట అతని ప్రశ్నను పక్కన పెట్టలేం. మేము చెప్పగలిగింది ఇంతే అబ్బీ అన్నాం: నువ్వు ఆగాలా వద్దా అన్నది ఆ మేడ మీద నీకే తెలుస్తుంది, తర్వాత అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాడు తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు లేడు.

సైనిక కోర్టు మీద ఇంతకంటే లోతైన రచన మన దేశంలోనే ఉంది. స్వదేశ్ దీపక్ హిందీలో రాసిన ‘కోర్ట్ మార్షల్’ నాటకం. రామ్‌చందర్ అనే కింది కులం జవాను తన అధికారిని కాల్చి చంపుతాడు. చంపానని ఒప్పుకుంటాడు కూడా. ఇక విచారించడానికి ఏముంది అని అందరూ అనుకుంటుంటే, వాదించే కెప్టెన్ బికాష్ రాయ్ ప్రశ్న వెనక ప్రశ్న వేస్తూ, ఆ అధికారులు కులం పేరుతో అతన్ని ఎన్నాళ్లు ఎట్లా నలిపారో బయటికి లాగుతాడు. అక్కడ రచయిత ఎవరి చేతిలోనూ కొత్తగా తుపాకీ పెట్టలేదు. జరిగింది జరిగినట్టే ఉంచి, దాని వెనక ఉన్నది చూపించాడు. అమెరికా సినిమా చేయలేకపోయింది అదే. పైగా రామ్‌చందర్ మా పిల్లలకు దగ్గరివాడు. బూట్లు తుడిపించుకునే అధికారి ఎదురైతే ఏం చేయాలన్నది వాళ్లకు యెమెన్ కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న. వచ్చే సెలవుల్లో దాన్ని పాత్రలు పంచుకుని మేమే తెలుగు చేసుకుంటూ చదవాలనుకున్నాం. రామ్‌చందర్ పాత్రకు ఇప్పటికే ముగ్గురు పేర్లు ఇచ్చారు.

సినిమా అయిపోయాక తెర మీద రాతలు వస్తాయి. హత్యానేరం నుంచి బయటపడ్డ చిల్డర్స్ గౌరవంగా పదవీ విరమణ చేశాడని, టేపు నాశనం చేసిన సోకల్ దోషిగా తేలాడని, రాయబారి మీద అబద్ధపు సాక్ష్యం కేసు పడిందని రాస్తారు. పిల్లలు ఆ రాతలు అయిపోయేదాకా ఆగారు. ఒంటికాలి పాప సంగతి ఏమైనా రాస్తారేమోనని మళ్లీ వెనక్కి తిప్పమన్నారు. తిప్పాం. ఉన్నది ఆ ముగ్గురి సంగతే.