కరణంగారి దఫ్తరం, కుర్రాడి సర్వర్

“అయిపోయింది మాస్టారూ” అన్నాడు. నేనింకా టీ గ్లాసు కింద పెట్టనే లేదు.

దాచేపల్లిలో ఒక ప్రైవేటు బడివాళ్లు జూన్ 12న బడి తెరిచేలోగా కొత్త సర్వర్ పెట్టించుకోవాలనుకున్నారు. మా సందు మొదట్లో కంప్యూటర్ షాపులో పనిచేసే కుర్రాడికి పని అప్పజెప్పి, పెద్దవాడినని నన్ను పక్కన కూర్చోమన్నారు. నా లెక్కలో అది రెండు రోజుల పని. వాడేమో పెన్‌డ్రైవ్ గుచ్చి, ఒక ఫైలు తెరిచి, ఒకే ఒక్క కమాండు కొట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నల్ల తెర మీద తెల్ల వరుసలు పోటీపడి పైకి పాకాయి. అరగంటకల్లా కథ కంచికి.

“ఏమేం చేసిందిరా అది?”

“అన్నీ చేసేసింది మాస్టారూ.”

నాకు ఒళ్లు మండింది.

నా ఛాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. సర్వర్ అంటే ముందు గది, తర్వాత కరెంటు, ఆ తర్వాతే కంప్యూటర్. ఎర్తింగ్ సంగతి మళ్లీ ఎత్తుకున్నాడు అని విసుక్కునేవాళ్లు రెండు వాక్యాలు దాటేయండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ గుంటలో నీళ్లు పోయాలి, పోయకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా యూపీఎస్ మిమ్మల్ని కాపాడదు. ఇక మన వైపు ఎండల సంగతి చెప్పేదేముంది? వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది లేదు, దానికి మనమెంత దూరం? ఎండ చాలదన్నట్టు దుమ్ము. చుట్టూ సున్నపురాయి క్వారీలు, కల్లాల రోజుల్లో మిరప ఘాటు. ఆర్నెల్లకోసారి మూత విప్పి చూడని డబ్బాలో ఫ్యాను రెక్కల మీద తెల్లటి అట్ట కడుతుంది. ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం ఆడదు.

మన ఊళ్లకు ప్రాణం లాంటి సెట్టింగు ఇంకొకటి ఉంది. బయోస్‌లో, కరెంటు పోయి వచ్చాక మిషను ఏం చేయాలి అని అడిగే వరుస. చాలా బోర్డుల్లో అది ‘ఆఫ్‌లోనే ఉండు’ అని ఉంటుంది. దాన్ని ‘లేచి నిలబడు’ అని మార్చాలి. మార్చకపోతే అర్ధరాత్రి కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, తెల్లారి కరెంటు వచ్చినా సర్వర్ నిద్రలోనే ఉంటుంది. తాళంచెవి ఉన్న మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా బడి మొత్తానికి సెలవు.

తర్వాత చిరునామా. సర్వర్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్ ఉండాలి. ఇళ్లల్లో, ఆఫీసుల్లో 192.168తో మొదలయ్యే అంకెలే కనిపిస్తాయి కదా, లోపలి నెట్‌వర్కుల కోసం వాటిని విడిగా కేటాయించినట్టు 1996లో కాగితం మీద ఖాయం చేశారు. అందుకే నరసరావుపేటలో కాలేజీ ల్యాబుకీ న్యూజెర్సీలో మనవాళ్ల ఇంటికీ అవే అంకెలున్నా గొడవ రాదు. నేనైతే సర్వర్‌కు 192.168.1.10 ఇస్తాను. ప్రింటరుకు 20. పిల్లల కంప్యూటర్లకు 100 నుంచి 200 దాకా రూటర్ తనే పంచుకునేట్టు వదిలేస్తాను. ఉబుంటు లైనక్స్‌లో ఈ చిరునామా రాసేది నెట్‌ప్లాన్ అనే సాధనం చదివే ఫైలులో. అక్కడ వరుస ముందు ఎన్ని ఖాళీలు వదిలామన్నదానికీ అర్థం ఉంటుంది, ట్యాబ్ మీట నొక్కితే అసలే ఒప్పుకోదు. దూరం నుంచి లాగిన్ అయి చిరునామా మారిస్తే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. ఆ భయానికే ‘నెట్‌ప్లాన్ ట్రై’ అనే కమాండు పెట్టారు. కొత్త సెట్టింగు పెట్టి రెండు నిమిషాలు ఎదురుచూస్తుంది, మనం ఎంటర్ కొట్టకపోతే పాతదానికి తనే వెనక్కి పోతుంది. ఫైర్‌వాల్‌కూ అలాంటి నియమమే ఉంది. ముందు మనం వచ్చే దారి తెరిచి ఉంచి, ఆ తర్వాతే మిగతా తలుపులు మూయాలి.

ఇదంతా ఒక్కో వరుసా చేత్తో కొట్టాలని నా పట్టుదల. తొంభైల్లో ఏడాదికోసారి పీసీక్వెస్ట్ పత్రికతో లైనక్స్ సీడీ వచ్చేది. గుంటూరు నుంచి తెప్పించుకుని, నెట్ లేని ఊళ్లో, పుస్తకం ముందేసుకుని కుస్తీ పట్టినవాళ్లకు ప్రతి వరుసా ఎందుకుందో తెలిసి తీరేది, వేరే దారి లేదు మరి. ఆ తరంవాడి ముందు కూర్చుని “అన్నీ చేసేసింది” అంటే ఎలా ఉంటుంది!

బడికి సర్వర్ ఎందుకు, క్లౌడు ఉందిగా అనేవాళ్లకు ఒక్క మాట. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్ అని ఊళ్లోకి వచ్చింది నిజమే. తీగ వచ్చింది మాత్రం చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా. గాలివానకు స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. బడి గోడల మధ్య సర్వర్ ఉంటే, ఇన్వర్టర్ మీదయినా సరే, మార్కుల పట్టికలు దొరుకుతాయి, కివిక్స్ అనే ప్రోగ్రాములో దాచిన తెలుగు వికీపీడియా మొత్తం నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. ఏడో తరగతి పిల్ల నాగులేరు గురించి వెతుక్కోవడానికి సింగపూర్‌లోని కంప్యూటరు దాకా పోయి రానక్కర్లేదు.

తెలుగు వికీపీడియా అంటే గుర్తొచ్చింది, ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. 2003 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే, తెలుగు కొలతల గుర్తులను యూనికోడ్‌లో చేర్చాలని ప్రతిపాదన రాసి పంపారు. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో అవి చేరాయి. అవి ఏ గుర్తులు? పావు, అందులో పావు, మళ్లీ అందులో పావు అంటూ నాలుగేసి భాగాలుగా విడగొట్టే పాత లెక్కల గుర్తులు. వీసం అంటే పదహారో వంతు, కాణీ అంటే అరవై నాలుగో వంతు. అవి ఎక్కువగా నడిచింది కరణాల లెక్కల్లో.

మా తాత చెయ్యి పట్టుకుని కరణంగారి ఇంటికి వెళ్లిన రోజులు నాకు గుర్తున్నాయి. నాపరాళ్ల అరుగు, ఎండకు కాలుతూ ఉండేది. అడంగల్ నకలు కావాలి, దాని కోసం పడిగాపులు. చాలాసేపటికి ఆయన బయటికొచ్చి ఎర్రగుడ్డ మూట విప్పేవారు. వేలు నాలుకకు తాకించుకుని కాగితాలు తిప్పేవారు. మా తాత వానాకాలపు చదువువాడేమీ కాదు, రామాయణం గడగడా చదివేవాడు. కానీ ఆ కాగితం ఎదురుగా పరిచినా ఒక్క ముక్క అంతుబట్టేది కాదు. గొలుసుకట్టు రాత, పొడి అక్షరాలు, మధ్యలో ఆ వీసాలూ కాణీల గుర్తులు. “నీ పొలం ఇక్కడుందయ్యా” అని ఆయన వేలు పెట్టిన చోటే పొలం. ఆ రాతలో తేడా ఉండేదని నేననను. నిజానికి ఆయన లెక్క తప్పేవాడు కాదని ఊళ్లో పేరు. సంగతల్లా, తప్పిందో లేదో చూడగలిగినవాడు ఊళ్లో ఇంకొకడు లేడు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్యంగా వచ్చే కరణీకం, మునసబీ పదవులను రద్దు చేసింది. మంచీ చెడ్డా మీద నలభై ఏళ్లుగా వాదనలు నడుస్తూనే ఉన్నాయి, నేనిప్పుడు అందులోకి దిగను. నాకు గుర్తున్నది ఒక్కటే. మా ఊరి దఫ్తరం కొత్తవాళ్ల చేతికి వచ్చాక దాన్ని చదివిపెట్టమని మళ్లీ ఆ పాత కరణంగారి ఇంటికే మనిషిని పంపేవారు. ఉద్యోగం పోయినా ఆయన లేనిదే ఊరికి గడవలేదు.

ఇంకా వెనక్కి పోతే, రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలనే ఊరి రికార్డులు చూసి, కైఫియత్తులనే ఊరి చరిత్రలు రాయించారు. ఇవాళ మన గుంటూరు సీమ పల్లెల పాత కథ ఈ మాత్రం తెలుస్తోందంటే ఆ నకళ్ల పుణ్యమే. పెట్టెల్లో భద్రంగా దాచిన అసళ్లు చాలావరకు చెదలపాలయ్యాయి. ఎవరో ఒకరు అడిగి, అర్థం చెప్పించుకుని, ఇంకో కాగితం మీద ఎక్కించుకున్నదే మిగిలింది.

మళ్లీ బడికి వద్దాం. అక్కడ అంతకుముందే ఒక సర్వర్ ఉంది. హెడ్‌మాస్టర్ గది మూలన, పాత టేబుల్‌క్లాత్ కప్పుకుని. దాన్ని పెట్టినాయన ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కుర్రాడు దాన్ని స్టార్ట్ అయ్యే దశలోనే ఆపి, రికవరీ దారిన లోపలికి పోయి పాస్‌వర్డ్ మార్చాడు. అప్పుడు చూశాను. ముచ్చటేసింది! ఒక్క వరుస అనవసరంగా లేదు. ఫోల్డర్ల మీద అనుమతులు ఎక్కడికక్కడ సరిగ్గా ఉన్నాయి. రెండు హార్డ్‌డిస్కులు ఒకదానికొకటి అద్దంలా పెట్టి ఉన్నాయి. అంతా చేత్తో కట్టిన పని, నేను ముప్పై ఏళ్లుగా నెత్తిన పెట్టుకునే రకం పని.

ఫైర్‌వాల్‌లో ఒక వరుస దగ్గర ఆగిపోయాం. 192.168.1.37ను ఎటూ పోనివ్వవద్దు, అంతే. ఎవరీ 37? వైరస్ పట్టిన ఆఫీసు కంప్యూటరా? రాత్రిపూట సినిమాలు దించుకున్న ఎవరిదైనా ఫోనా? తీసేస్తే ఏమవుతుంది? హెడ్‌మాస్టర్ గారిని అడిగాం, గుమాస్తాను అడిగాం, తెలియదన్నారు. అందుకే ఇన్నేళ్లుగా ఎవరూ ఆ మిషను జోలికి పోలేదు. పనిచేస్తున్నన్నాళ్లూ దండం పెట్టారు, ఆగిపోయాక గుడ్డ కప్పారు. ఆ అద్దంలాంటి జంట డిస్కులూ బ్యాకప్ కాదు. ఒకదాంట్లో ఫైలు చెరిపితే రెండోదాంట్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. నకలంటే ఇంకోచోట, ఇంకొకరి చేతిలో ఉండాలి.

అప్పుడు అడిగాను, “నీ ఫైలు చూపించరా” అని. అది ఆన్సిబుల్ ఫైలు. మిషను ఎలా ఉండాలో ఒకచోట రాసిపెట్టి, దాన్ని చూసి మిషనే తనను సర్దుకునేట్టు చేసే పద్ధతి. ఈ ఆలోచనకు మూలపురుషుల్లో ఒకరు మార్క్ బర్జెస్, 1993లో ఓస్లోలో సీఎఫ్ఇంజిన్ అనే ప్రోగ్రాము రాశాడు. ఎక్కడి నుంచో దించుకున్న ఫైలేమోనని నా అనుమానం. ఎవరో రాసినదాన్ని చదవకుండా సర్వాధికారాలిచ్చి నడిపితే ఇంటి తాళాలు దారినపోయేవాడికి ఇచ్చినట్టే, అందులో నాకిప్పటికీ రెండో మాట లేదు. కానీ ఇది వాడు సొంతంగా రాసుకున్నది. ప్రతి వరుస పైనా హ్యాష్ గుర్తు పెట్టి, తెలుగులో కారణం రాశాడు. “ప్రింటరుకు 20 ఎందుకంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో అదే ఎక్కించి ఉంది, మారిస్తే అన్నీ మార్చాలి.” “రాత్రి రెండింటికి బ్యాకప్, అప్పుడు ఎవరూ వాడరు. డిస్కు శనివారం గుమాస్తా గారు ఇంటికి తీసుకెళ్తారు.” చివర్న, కమాండు లేకుండా ఒక్క హ్యాష్ వరుస, “37 ఎవరో తెలియలేదు. తీసేశాను. గొడవ వస్తే ఇక్కడే వెతకండి.”

ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ స్విట్జర్లాండ్‌లో సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, టిమ్ బెర్నర్స్-లీ టేబులు మీద ఉండేది. ఆ నెక్స్ట్ కంప్యూటర్ మీద ఎర్ర సిరాతో చేతిరాత చీటీ ఒకటి అంటించి ఉంటుంది. ఇది సర్వర్, ఆపవద్దు అని. వెబ్‌ను కనిపెట్టినవాడికి తన మిషను ఆపకూడదని తెలియదా? అది ఆయన లేనప్పుడు ఆ గదిలోకి వచ్చేవాడి కోసం.

చేత్తో కొట్టడం నేర్చుకోవడానికి మంచిది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇప్పటికీ అదే చెప్తాను. కానీ బడికి కావలసింది నా నేర్పు కాదు, నేను పోయాక కూడా నడిచే సర్వర్. నేర్పంతా ఒకడి వేళ్లలో ఉంటే, వాడెంత నిజాయితీపరుడైనా ఊరు వాడి అరుగు మీద పడిగాపులు కాయాల్సిందే. మనం కరణీకాన్ని 1984లో తీసేశాం అనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి సహకార సంఘం దాకా ‘సర్వర్ డౌన్’ అనే మాట విని మారు మాట్లాడకుండా ఇంటికి తిరిగొచ్చే మనకు, అది ఇంకో వేషంలో నడుస్తోందని తోచదు.

కనుక సర్వర్ పెట్టించుకునే బడులకూ మిర్చి కమీషన్ కొట్లకూ నా సలహా ఇది. పని అయిందని చెప్పగానే సగం డబ్బే ఇవ్వండి. కాగితం, ఫైలు, పాస్‌వర్డు కవరు తీసుకుని బీరువాలో పెట్టండి. వారం ఆగి, ఇంకో షాపు నుంచి ఇంకో కుర్రాణ్ణి పిలవండి. ఒక పాత కంప్యూటర్ ఇచ్చి, ఆ కాగితం తప్ప ఇంకేమీ అడగకుండా, అదే సర్వర్ మళ్లీ కట్టమనండి. మొదటివాడికి ఫోన్ చేయకుండా కట్టగలిగితే మిగతా సగం ఇచ్చేయండి. ఈ ఊళ్లో నేను పెట్టిన సర్వర్లకూ ఇదే షరతు, బిల్లు నాదైనా సరే.