300 కొని 450 పరుగెత్తించినవాళ్లు

1998 ఆగస్టులో ఇంటెల్ సంస్థ రెండు ప్రాసెసర్లను బజారులోకి వదిలింది. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2, జేబు బరువున్నవాళ్ల కోసం. రెండోది 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఎ, ధర 149 డాలర్లు. పెంటియం ధరలో నాలుగో వంతు కూడా లేదు. కంప్యూటర్ పిచ్చి ఉన్న కుర్రాళ్లు త్వరలోనే ఒక సంగతి పసిగట్టారు. మదర్‌బోర్డులో ఒక్క అంకె మారిస్తే ఆ చవక సెలెరాన్ కూడా 450 మీద పరుగెత్తుతోంది.

లెక్క చిన్నదే. మదర్‌బోర్డు ఒక తాళం వేస్తుంది, దాని పేరు బస్ వేగం. ఆ తాళాన్ని ప్రాసెసర్ తనలో ఎన్ని రెట్లు చేసుకుంటుందో చెప్పే అంకె మల్టిప్లయర్. 300ఎలో మల్టిప్లయర్‌ను ఫ్యాక్టరీలోనే 4.5 దగ్గర బిగించేశారు కాబట్టి దాన్ని కదిలించడానికి వీల్లేదు. బస్ వేగం మాత్రం బోర్డు చేతిలో ఉంది. 66ను నాలుగున్నర రెట్లు చేస్తే దాదాపు 300, 100ను చేస్తే 450. అబిట్ సంస్థ చేసిన బీహెచ్6 బోర్డులో ఈ మార్పుకు జంపర్లు పీకి పెట్టే పని కూడా లేదు, బయోస్ అనే సెట్టింగుల తెరలోనే అయిపోయేది. ఆ వెసులుబాటు లేని బోర్డుల్లో ప్రాసెసర్ అంచున ఉండే బీ21 అనే పిన్ను మీద సన్నటి టేపు ముక్క అతికించేవారు. దాంతో బోర్డు మోసపోయి 100 తాళం వేసేది.

చిత్రమేమిటంటే, అత్యాశ ఎందుకని 75 దగ్గరో 83 దగ్గరో ఆగినవాళ్లకే తిప్పలు ఎక్కువ. పాత బోర్డుల్లో హార్డ్ డిస్కు, సౌండు కార్డు లాంటివి నడిచే పీసీఐ దారి కూడా బస్ తాళంలోంచే పుడుతుంది. దానికి కావలసింది 33. బస్ 66 అయితే సగం చేస్తారు, 100 అయితే మూడో వంతు చేస్తారు, రెండు చోట్లా 33 వచ్చేస్తుంది. 83లో సగమంటే 41 దాటుతుంది. డిస్కులో రాతలు చెడిపోయేది అక్కడే. 450 మీద హాయిగా నడిచిన యంత్రం 375 మీద తడబడడానికి కారణం ఇదే.

మరి చవక సరుకు ఖరీదైన సరుకుతో ఎలా సమానమైంది? గుంటూరు మిర్చి యార్డులో కాయను చూసి గ్రేడు కట్టినట్టే చిప్పులకూ పరీక్ష చేసి గ్రేడు కడతారు. తయారీ చేయి తిరిగే కొద్దీ మేలు రకమే ఎక్కువగా వస్తుంది. కానీ బజారులో గిరాకీ చవక రకానికి ఉంటుంది. అప్పుడు మేలు రకానికే చవక చీటీ అంటించి అమ్ముతారు. సెలెరాన్ విషయంలో ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. పెంటియం 2కు 512 కిలోబైట్ల క్యాష్ (ప్రాసెసర్‌కు చేతికందే చిన్న మెమరీ) ఉన్నా అది చిప్పు బయట, సగం వేగంతో నడిచేది. 300ఎకు ఉన్నది 128 కిలోబైట్లే, అయితే చిప్పు లోపలే ఉండి పూర్తి వేగంతో నడిచేది. ఆటల్లో రెంటికీ పెద్ద తేడా కనిపించకపోవడానికి మూలం అది.

రెండేళ్లకు పెన్సిల్ వంతు వచ్చింది. 2000లో వచ్చిన ఏఎండీ డ్యూరాన్, అథ్లాన్ చిప్పుల పైభాగాన ఎల్1 అనే చిన్న లోహపు వంతెనలు బయటికే కనిపించేవి. మల్టిప్లయర్‌ను బిగించెయ్యాలంటే ఫ్యాక్టరీలో వాటిని తెగ్గొట్టేవారు. పెన్సిల్ ములుకు కరెంటును పారనిస్తుంది గనుక తెగినచోట గీత గీస్తే ఆ బిగింపు ఊడిపోయేది. అక్షరాలు దిద్దే వస్తువుతో ప్రాసెసర్‌ను దిద్దిన కాలమది. 2003లో అథ్లాన్ ఎక్స్‌పీ 2500+కు ఆ గీత అవసరం కూడా లేకపోయింది. బస్‌ను 166 నుంచి 200కు పెంచితే అదే సిరీస్‌లో ఖరీదైన 3200+ వేగమే వచ్చేది. తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 క్వాడ్ క్యూ6600ను 266 నుంచి 333 బస్‌కు మార్చి 3 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లినవాళ్లకు లెక్కే లేదు.

2011లో ఇంటెల్ ఆ దారి మూసేసింది. శాండీ బ్రిడ్జ్ తరంలో బస్ తాళం 100 దగ్గర దాదాపు కదలకుండా పోయింది. వేగం పెంచాలంటే పేరు చివర ‘కె’ ఉన్న ప్రాసెసర్, దానికి తగిన ఖరీదైన బోర్డు కొనాల్సిందే. అంతవరకు పేదవాడి ఉపాయంగా ఉన్నది అదనపు సొమ్ముతో కొనుక్కునే సదుపాయమైంది. 2017లో ఏఎండీ తన రైజెన్ ప్రాసెసర్లన్నిటికీ మల్టిప్లయర్ తెరిచిపెట్టి, మధ్యరకం బీ350 బోర్డుల మీద కూడా మార్పులకు ఒప్పుకుంది. పాత విద్యకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకునేవారికి ఎంపికలో ఇప్పుడు పనికొచ్చే సూత్రం వేరు. ప్రాసెసర్ ధర ఒక్కటే చూడకూడదు. బోర్డు, కూలర్, పవర్ సప్లై కలిపి మొత్తం లెక్క కట్టాలి. 2022లో వచ్చిన రైజెన్ 5 5600నే తీసుకుంటే ఆరు కోర్లు, 65 వాట్ల రేటింగు, పెట్టెలోనే కూలర్. బోర్డు తయారీదారు కొత్త బయోస్ ఇచ్చి ఉంటే అంతకు అయిదేళ్ల ముందటి బీ350 బోర్డులో కూడా కూర్చుంటుంది, కొత్త బోర్డు ఖర్చు తప్పుతుంది. ఇంటెల్‌లో కె లేని రకం కొని, వేగం పెంచుకునే ఓవర్‌క్లాకింగ్ కోసమని జెడ్ రకం బోర్డుకు డబ్బు పోస్తే ఆ డబ్బు వృథా.

కొన్నాక వేడితో వ్యవహారం. చిప్పు తాగే కరెంటు వేగంతో సూటిగా పెరుగుతుంది, వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. 4 గిగాహెర్ట్జ్‌ను 4.4 చెయ్యడానికి వోల్టేజిని 1.2 నుంచి 1.35కు పెంచారనుకుందాం. వేగం పెరిగింది నూటికి పది. వేడి పెరిగేది నూటికి దాదాపు 39. ఆ వేడిని రాగి గొట్టాలు అల్యూమినియం రేకుల్లోకి చేరవేస్తే ఫ్యాను గదిలోకి ఊదేస్తుంది. గాలి కూలరైనా నీటి కూలరైనా ప్రాసెసర్‌ను గది కన్నా చల్లబరచలేదు. గదికీ చిప్పుకీ మధ్య తేడాను తగ్గించడమే దాని పని. 24 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించిన ప్రాసెసర్, రామగుండంలోనో రెంటచింతలలోనో 42 డిగ్రీల గదిలో 88 దగ్గర తేలుతుంది. చలిదేశాల సమీక్షల్లో అంకెలు చదివి కూలర్ ఎంచుకునేవారు ఈ తేడాను కలుపుకోవాలి.

పెద్ద ఖర్చులేని వైద్యాలు కొన్ని ఉన్నాయి. మూతబల్ల అరలో కుక్కిన సీపీయూ డబ్బాను బయటికి తీసి, ముందు ఫ్యాను గాలి లోపలికి, వెనక ఫ్యాను బయటికి వచ్చేలా పెట్టడం. హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకున్న దుమ్ము దులపడం. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత థర్మల్ పేస్టు తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టడం. పేస్టు పని రెండు లోహాల నడుమ కంటికి కనపడని గాలి సందులు పూడ్చడం వరకే. దోసె పిండిలా దట్టంగా పరిస్తే వేడి పోవడం ఇంకా నెమ్మదిస్తుంది.

వేగం పెంచే పద్ధతికి ఓపిక ముఖ్యం. మొదట ఏమీ మార్చకుండా ఉష్ణోగ్రత, వోల్టేజి కాగితం మీద రాసుకుంటారు. తర్వాత మల్టిప్లయర్‌ను మెట్టు చొప్పున పెంచుతూ ప్రతిసారీ ప్రైమ్95 లాంటి ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తారు. గణితజ్ఞులు పెద్ద ప్రధాన సంఖ్యల వేటకు వాడే సాధనమిది. ఒక్క గుణకారం తప్పినా పట్టేస్తుంది కాబట్టి యంత్రం తూకం చూడటానికి సరిపోయింది. తప్పు వచ్చిన చోట వోల్టేజిని పిసరంత పెంచుతారు, లేదా ఒక మెట్టు వెనక్కి దిగుతారు. ఒకేసారి రెండు అంకెలు మారిస్తే తప్పు దేనిదో తెలియదు. గంటల తరబడి నిలిచాకే ఆ వేగం సొంతమైనట్టు.

అయితే 300ఎ నాటి మిగులు ఈ రోజుల్లో దొరకదు. 2008 నుంచి ఇంటెల్ టర్బో బూస్ట్ పేరుతో, తర్వాత ఏఎండీ కూడా, చిప్పులో మిగిలిన సత్తువను ఫ్యాక్టరీలోనే పిండుతున్నాయి. ఆ పిండడం కూడా ఒకసారి హద్దు దాటింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వల్ల అరిగిపోతున్నాయని 2024లో బయటపడింది. ఆ సంస్థ సవరణ విడుదల చేసి, వారంటీని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది.

అందుకే ఈ తరం నేర్పు అండర్‌వోల్టింగ్ వైపు మళ్లింది. అదే వేగానికి తక్కువ వోల్టేజి సరిపోతుందేమో మెట్టు మెట్టుగా వెతకడం. రైజెన్ 5000 తరం నుంచి కర్వ్ ఆప్టిమైజర్ అనే సదుపాయంతో ఒక్కో కోర్‌కు విడిగా ఈ కోత పెట్టవచ్చు. చల్లబడ్డ ప్రాసెసర్ తనంత తనే బూస్టును కాస్త ఎక్కువసేపు నిలుపుకుంటుంది, ఫ్యాను రొద కూడా తగ్గుతుంది. టేపు ముక్కతో 450 సాధించినప్పటి ఒళ్లు పులకరింత ఇందులో లేదు. పరీక్ష మాత్రం పాతదే. తెలుగునాట దానికి సరైన ముహూర్తం మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, ఏసీ ఆపేసిన గది. డిసెంబరు రాత్రి ఆగకుండా నడిచిన సెట్టింగు అప్పుడు నిలబడకపోతే, కాగితం తీసి ఒక మెట్టు వెనక్కి రాసుకుంటారు.