రోజాల గగనదారి

గగనదూరమా, హోసూరు దగ్గరి మా బేరిగైలో నిన్ను రోజామొగ్గతో కొలుస్తారు. మొగ్గ విచ్చేలోపు ఎంత దాటగలిగితే అంతే నీ పొడవు.

పొద్దు పొడవకముందే పాలీహౌస్‌లోకి కత్తెరలు దిగుతాయి. ఎర్రటి తాజ్‌మహల్ రకం, బయటి రేకు ఒక్కటి కాస్త వదులైతే చాలు, అదే అదును. కోసిన కాడ వెంటనే బకెట్ నీళ్లలోకి, అక్కణ్ణుంచి రెండు మూడు డిగ్రీల చలి ఉండే కోల్డ్ రూమ్‌లోకి పోతుంది. కాడ పొడవును బట్టి ఏరి, ఇరవై ఇరవై బంచ్ కట్టి, తలల చుట్టూ అట్ట చుట్టి పెట్టెలో పడుకోబెడతారు. ఆ చేతుల్ని చూడాలి. ముల్లు దిగినా వేలు చటుక్కున వెనక్కి లాగరు, రేకు నలుగుతుందని.

ఇక్కణ్ణుంచి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం గీత గీసినట్టు చూస్తే సుమారు 50 కిలోమీటర్లు. కానీ లారీకి గీతలుండవు, సిగ్నళ్లుంటాయి, ఎండ ఉంటుంది. గగనదూరమా, సింగపూరు దాకా పరుచుకున్న నీ 3,180 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో కరిగిపోతాయి. రోజాకు గండమంతా ఈ నేలదారిలోనే.

నీ మహిమ ఆఫ్రికాలో మరీ బాగా తెలుస్తుంది. నైరోబీ నుంచి అడిస్ అబాబాకు 1,160 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. ఒకటి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున, ఇంకొకటి 2,300 మీటర్లకు పైన. రెండూ రోజాల దేశాల రాజధానులే. మా హోసూరు గడ్డ 900 మీటర్ల దగ్గర ఆగిపోయింది గానీ, చల్లటి రాత్రుల వల్ల మేమూ వాళ్లకు చుట్టాలమే. రాత్రి చల్లబడితేనే మొగ్గ నిదానంగా పెరిగి, కాడ బలపడి, తల బరువెక్కుతుంది. కెన్యాలో నైవాషా సరస్సు ఒడ్డున కోసిన పువ్వు నైరోబీలో విమానమెక్కి, ఎనిమిది గంటలు దాటాక ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగుతుంది. బెంగళూరుకూ నైరోబీకీ మధ్య నువ్వు 4,770 కిలోమీటర్లు, అందులో చాలామటుకు సముద్రమే. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. పడమటికి పోయేవాళ్లకు నువ్విచ్చే కానుక అది.

పటం మీద గీసిన తిన్నని గీతను నువ్వు లెక్కచెయ్యవు. భూమి గుండ్రమని ఎరిగి, వంపు తిరిగి, దగ్గరిదారి పట్టుకుంటావు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, సున్నాకు యాభై డిగ్రీల కిందికి దిగిన గాలిలో, గంటకు 900 కిలోమీటర్లు పరుగెడుతూ, కిందిగదిలో ఊపిరి తగ్గించుకుని నిద్రపోతున్న మొగ్గల్ని మోస్తావు. నీకు దండం.

ఇప్పుడు నువ్వే మా ఊరికి వస్తానంటున్నావు. 2024 జూన్ 27న తమిళనాడు శాసనసభలో హోసూరుకు విమానాశ్రయం ప్రకటించారు: 2,000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల ప్రయాణికులు. మరుసటేడు సర్కారు చూపు బేరిగై, బాగలూరు నడిమి నేల మీద నిలిచింది. వస్తే ఆ లారీ దారి, ఆ ఎండ తప్పుతాయి. రోజాకు అంతకన్నా ఏం కావాలి? కావలసింది ఒకటుంది, వేరు ఆనే మన్ను. రన్‌వేకు కావలసిన చదునులోనే బోర్లున్నాయి, గట్లున్నాయి, తాతల పేర్లతో పిలుచుకునే చేలున్నాయి.

అందుకే వేడుకుంటున్నాను, గగనదూరమా. రా, కానీ పూసే తోటల్ని తప్పించుకుని దిగు. ఒకసారి నాటిన రోజా ఐదారేళ్లు పూస్తుంది. దాని యజమానిని పరిహారం కాగితం చేతికిచ్చి లేచిపొమ్మనే ముందు, ఈ ఏడు కోతైనా అడుగు.