నీరు తీసిన నేల, తెడ్డు తెలిసిన దారి

కోరంగి మడ అడవుల్లో పోటు, ఆటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. ఆ అడవిని పెంచిన గోదావరి అంతకుముందు ఆదిలాబాద్, కరీంనగర్ సీమల మధ్యగా పారుతుంది. ఇక్కడ సముద్రం లేదు కానీ పోటూ ఆటూ ఉన్నాయి, ఏడాదికి ఒక్కసారి. వానకాలంలో శ్రీరాంసాగర్, కడెం, దిగువ మానేరు జలాశయాలు నిండి ఒడ్డెక్కుతాయి. యాసంగికి కాలువలు వదిలాక నీరు కొద్దికొద్దిగా వెనక్కి జరిగి, ఎండాకాలం నాటికి అంతవరకు మునిగి ఉన్న నేలను, అంటే శిఖాన్ని, బయటపెడుతుంది. ఈ కదిలే అంచును ఎరిగినవాళ్లు ఇద్దరే: తెప్ప మీద బతికే మత్స్యకారుడు, శిఖంలో విత్తే రైతు. మన జలాశయాల్లో విహారం పెంచాలంటే ఆ ఇద్దరి విద్యనే దానికి ఆధారం చేసుకోవాలి. మోటారు బోటులో నాలుగు చుట్లు తిప్పి దింపేస్తే చూసేవారికి నీళ్లు తప్ప ఏమీ తెలియదు. కయాక్ లాంటి చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్లి, చివరికి చేనులో దిగితేనే ఈ నేల సంగతి అర్థమవుతుంది.

శిఖం సేద్యంలో పనితనమంతా పదును పట్టడంలోనే ఉంది. నీరు తీసిన వెంటనే దున్నితే బురద నాగలికి అంటుకుంటుంది; ఆలస్యం చేస్తే నల్లమట్టి నెర్రెలు విచ్చి తేమ ఎగిరిపోతుంది. పిడికెడు మట్టి నొక్కి చూసి, ముద్ద కాకుండా పొడిపొడిగా విడితే అదే అదను. నీరు తగ్గేకొద్దీ పైపట్టు ముందు, కిందిపట్టు తర్వాత విత్తుతారు కాబట్టి ఒకే చేనులో మోకాలెత్తు జొన్నా, అప్పుడే మొలిచిన శనగా పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ నేలకు బలం ఒండ్రు నుంచే వస్తుంది. 1091 అడుగుల పూర్తి మట్టం దగ్గర 112 టీఎంసీలు పట్టేలా కట్టిన శ్రీరాంసాగర్ ఇప్పుడు దాదాపు 80 టీఎంసీలే పట్టగలుగుతోందంటే, ఆ తేడా అంతా పూడికే. ఆనకట్టకు నష్టమైనది రైతుకు ఎరువైంది.

నీటి మీది విద్య కూడా ఇంతే సూక్ష్మమైనది. లోతు తక్కువ చోట మత్స్యకారుడు గెడ దించి అడుగు చూస్తాడు: మెత్తగా దిగితే బురద, గరగరమంటే ఇసుక, ఠక్కున ఆగితే రాయో, మునిగిన చెట్టు మోడో. జలాశయం అడుగున పాత ఊళ్ల గోడలూ బావులూ ఉంటాయి కనుక ఈ గుర్తులు తెలియనివాడు దారి చూపడం ప్రమాదం. కొర్రమట్ట ఏ తుంగలో దాగుతుందో, మధ్యాహ్నం గాలి ఏ దిక్కున లేస్తుందో చెప్పగలిగేదీ అతడే. చప్పుడు లేని పడవ అయితే పక్షులు బెదరవు, వలలు తెగవు.

ఇలాంటి విహారానికి అభ్యంతరాలు లేకపోలేదు. ప్రమాదం మాటేమిటంటారు. గేట్లెత్తే వానకాలంలో పడవ దించకూడదు. మొసళ్లున్న మంథని దగ్గరి శివ్వారం అభయారణ్యం వైపు వెళ్లనే కూడదు. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ ఎక్కించకూడదు. ఈ హద్దులు పాటిస్తే నీరు తగ్గే కాలమే ఇలాంటి విహారానికి అనువైనది. శిఖం సేద్యం పురుగుమందులను నీటిలో కలుపుతుందనేది ఇంకా బరువైన అభ్యంతరం. దిగువ మానేరు కరీంనగర్ పట్టణానికి తాగునీరు కూడా ఇస్తుంది కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే మందులు చల్లని చేలకే సందర్శకులను తీసుకెళ్లాలని నియమం పెడితే, రసాయనాలు మానడానికి రైతుకు కారణం దొరుకుతుంది. నిషేధం ఒక్కటే పెడితే అతడు చాటుగా విత్తుతాడు, చాటుగానే చల్లుతాడు.

మూడో మాట హక్కులది. శిఖంలో పంట ఎప్పుడూ నీటి దయ మీదే. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలయ్యాక మధ్య మానేరు, దిగువ మానేరు మట్టాలు వాననే కాక పంపులనూ బట్టి మారుతున్నాయి. తాతల నాటి లెక్క తప్పుతోంది. అందుకే నీటి విడుదల సమాచారం ముందుగా శిఖం రైతుకూ మత్స్య సహకార సంఘానికీ చేరాలి. విహారం నడిపే బాధ్యత, టికెట్టు డబ్బులో పెద్ద వాటా వారికే దక్కాలి. బయటి గుత్తేదారుకు అప్పగిస్తే ఈ విద్య తెలిసినవాళ్లు కూలీలుగా మిగులుతారు, వాళ్ల పిల్లలు దాన్ని నేర్చుకోరు. మట్టం మారినప్పుడల్లా కొత్త అంచును చదవగలిగే మనుషులు ఊళ్లో ఉండటం జలాశయానికి కూడా రక్షణే. వాళ్లకు బతుకుతెరువు చూపడం పర్యాటక శాఖ, నీటిపారుదల శాఖ కలిసి చేయదగిన పని.