దలేర్ మెహందీ పాటలో నృత్తధర్మం

సంగీతమనే మాటకు ప్రాచీనులు చెప్పిన అర్థం నేటి వాడుకలోని అర్థంకంటె విశాలమైనది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో గీతం, వాద్యం, నృత్తం అనే మూడింటి కలయికకు సంగీతమని పేరు పెట్టినాడు. అదే శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని ఎనిమిది అధ్యాయాల నృత్తరత్నావళి రచించి, మొదటి నాలుగింటిని మార్గానికి, తక్కిన నాలుగింటిని దేశికి కేటాయించినాడు. ప్రజల ఆటపాటలకు శాస్త్రంలో సగం చోటిచ్చిన ఆ పండితుని దృష్టి తరువాతివారికి అంతగా అబ్బలేదు. సభాభవనంలో కదలక కూర్చుండి వినేది గొప్ప పాట, కాలు కదిలించేది తక్కువ పాట అనే భేదం క్రమంగా స్థిరపడినది. శాస్త్రశిక్షణ పొందిన గాయకుడు నృత్యగీతాలకు పూనుకొంటే అది పతనమా, పరిణామమా అనే ప్రశ్న ఈ భేదంనుండియే పుట్టినది. 1995లో వెలువడిన 'బోలో తా రా రా' ఆల్బమ్, దానిని పాడిన దలేర్ మెహందీ ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణం.

ఆ పాట ఎక్కడ బ్రతికినదో చూడక దాని గుణం నిర్ణయించడం కష్టం. అది సభల పాట కాదు, బరాత్‌ల పాట. పెండ్లికుమారుని గుర్రమెక్కించి, ముందు బ్యాండుమేళంతో, బంధుమిత్రుల నాట్యంతో కన్యాగృహానికి తరలివెళ్ళే ఊరేగింపు బరాత్. ఘాజియాబాద్ వంటి పట్టణంలో శీతకాలపు ముహూర్తాలు వచ్చినవంటే ఈ ఊరేగింపులతో వీథులు నిండిపోతవి. ఆ మేళాలవారి ఇత్తడి వాద్యాలకు పొరుగుననే ఉన్న మీరట్ నగరంలోని జలీకోఠీ పేరుపొందిన స్థానం. 1947 విభజనానంతరం పశ్చిమ పంజాబునుండి తరలివచ్చిన కుటుంబాలు ఢిల్లీలోను, ఘాజియాబాద్ మొదలైన పరిసర పట్టణాలలోను స్థిరపడినవి. పంజాబీ ఢోలు, భాంగ్రా అడుగు ఆ కుటుంబాల వెంట వచ్చి, కాలక్రమాన హిందీ మాట్లాడే ఇరుగుపొరుగుల పెండ్లిండ్లలోను ప్రవేశించినవి. ఈ విధంగా పాటకంటె ముందే దానికి వీథి సిద్ధమై ఉన్నది.

వీథి వలెనే వాహనమూ సిద్ధమైనది. గుల్షన్ కుమార్ 1983లో స్థాపించిన సూపర్ క్యాసెట్స్ సంస్థ, టీ-సిరీస్ అనే పేరుతో, నోయిడా కేంద్రంగా పెరిగినది. 1997లో గౌతమబుద్ధనగర్ జిల్లా ఏర్పడేవరకు నోయిడా ఘాజియాబాద్ జిల్లాలోనిదే. గ్రామఫోను రికార్డు కొనలేని ఇంటికి చౌక క్యాసెట్టు చేరినది. పాన్ దుకాణంలోను, కిరాణా అంగడిలోను పాట సరుకైనది. దలేర్ ఆల్బమ్ ఈ సంస్థది కాదు, బొంబాయిలోని మాగ్నాసౌండ్‌ది. అయినా ఆ పాటను లారీలలోను, పెండ్లి పందిళ్ళలోను మ్రోగించినది ఈ ప్రాంతం ఇంటింటికి అలవాటు చేసిన క్యాసెట్టే. 1991 తరువాత వచ్చిన ఉపగ్రహ టెలివిజను దానికి దృశ్యరూపాన్ని కూడ చేకూర్చినది.

దలేర్ 1967లో పాట్నాలో జన్మించినాడు. తండ్రివద్ద బాల్యంలోనే రాగాలను, గురువాణి శబదులను నేర్చినాడు. పదకొండేండ్ల వయస్సులో ఇల్లు విడిచి గోరఖ్‌పూర్ చేరి ఉస్తాద్ రాహత్ అలీఖాన్ వద్ద శిష్యరికం చేసినాడు. ఆ తరువాత అమెరికాలో కొంతకాలం టాక్సీ నడిపి స్వదేశం వచ్చి, గజళ్ళు పాడుతూ పేరుకై ప్రయత్నించినాడు. ఆయన పేరులోనే ఈ రెండు మార్గాల సూచన ఉన్నదని చెప్పుకొంటారు: 'దలేర్' ఒక సాహసి బందిపోటునుండి వచ్చినదట, రెండవ భాగం గజల్ గాయకుడు పర్వేజ్ మెహదీని స్మరింపజేస్తున్నది. ఒకవైపు కేక, మరొకవైపు గజల్. ఆయన గానచరిత్ర అంతా ఈ రెంటి సంధి కోసం జరిగిన వెదకులాట.

గజల్ మాటను నమ్ముకొన్న ప్రక్రియ. ప్రతి ద్విపదలో ఒక భావం పూర్తి కావలెను. గాయకుడు ఒక్క మాటను పదివిధాల పలికి దాని ఛాయలను చూపవలెను. వినేవాడు ఆ భాష తెలిసినవాడై, ఓపిక కలవాడై ఉండవలెను. భాంగ్రా ఇందుకు పూర్తిగా భిన్నం. వైశాఖి పంటకాలపు ఆటనుండి వచ్చిన ఆ పాటలో బోలీ చిన్నది, కేక పెద్దది. అర్థం సామాన్యం, ఊపు అసామాన్యం. గజల్ గాయకుడు భాంగ్రాకు వచ్చినాడంటే భాషను నమ్ముకొన్నవాడు భాషను సగం వదలి వచ్చినట్లే. ఆ వదలినదానికి బదులు ఏమి తెచ్చినాడన్నదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

ఆయనకు పూర్వం మనదేశపు పాప్ గానంలో నృత్యగీతాలు లేకపోలేదు. 1981లో బిద్దు సంగీతానికి నాజియా హసన్ పాడిన 'డిస్కో దీవానే' పేరుమోసినది. 1995లోనే అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' వెలువడినది. దాని సంగీతకర్తయూ బిద్దుయే. ఈ రెంటిలోను గళం మృదువైనది, సన్నిహితమైనది. ఆడించే పని వాద్యాలది. గొంతు వాటిమీద తేలి సాగుతుంది. ఇంగ్లండులోని సౌతాల్ ప్రాంతపు పంజాబీ బృందాలు 1980 దశాబ్దిలో ఢోలునూ యంత్రవాద్యాలనూ జోడించి భాంగ్రాను నగరపు పాటగా మలచినవి. జవాహర్ వట్టల్ సంగీతం కూర్చిన 'బోలో తా రా రా' ఈ రెండు పాయలనూ అందుకొన్నది. అయితే అందులో ఒక కొత్త విషయం ఉన్నది: ఆడించే భారాన్ని గొంతు స్వయంగా మోసినది.

ఇది ఎట్లు సాధ్యమైనదో కొంచెం వివరంగా చూడవలెను. ఢోలుకు రెండు ముఖాలు. ఒకదానిపై వంపుగల బరువైన డగ్గా దెబ్బ, రెండవదానిపై సన్నని తిల్లీ దెబ్బ. మన డప్పుపై సిర్ర, సిటికెనపుల్ల చేసే పని ఇటువంటిదే. బరువు దెబ్బ పాదాన్ని నేలకు దింపుతుంది, సన్నదెబ్బ భుజాన్ని ఎగురవేస్తుంది. దలేర్ గానంలో ఈ రెండు దెబ్బలూ గళంలోనే వినవస్తవి. చరణంలో మాటలు పొట్టిగా, హల్లుల ఒత్తిడితో, తాళపు బరువుపై దిగుతవి. అంతలో తారస్థాయిలో ఒక స్వరం నిలిచి, దానినుండి చురుకైన తాన్ జారి, పల్లవి అక్షరాలలో కలిసిపోతుంది. ఆ తాన్ గోరఖ్‌పూర్‌లో నేర్చినదే. ఖయాల్ గాయకుడు రాగస్వరూపాన్ని విప్పడానికి వాడే సాధనాన్ని ఈయన లయను మెరిపించడానికి వాడినాడు. విద్య మారలేదు, దాని వినియోగం మారినది.

ఇక పల్లవిలోని 'తా రా రా'. దీనికి అర్థమేమని అడిగినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. దశరూపకకర్త ధనంజయుడు నృత్యాన్ని భావాశ్రయమని, నృత్తాన్ని తాళలయాశ్రయమని విడదీసినాడు. నృత్యం అర్థాన్ని అభినయిస్తుంది. నృత్తం అర్థాన్ని ఆశ్రయించదు, అందమే దాని ప్రయోజనం. గానంలోను ఈ విభాగం ఉన్నది. అమీర్ ఖుస్రోకు ఆపాదించే తరానాలో, మన తిల్లానాలో, తందాన కథకుని వంతపాటలో అక్షరాలు అర్థాన్ని విడిచి లయను ధరిస్తవి. వాటిని అర్థహీనమని నిందించిన పండితుడు లేడు. అదే న్యాయం బరాత్ పాటకు వర్తింపజేస్తే, దలేర్ చేసినది గాననృత్యంనుండి గాననృత్తానికి నడక. గజల్‌లో ఆయన అభినయించవలసి ఉండెను. ఇక్కడ అడుగు వేసినాడు. ఈ ఆల్బమ్ ద్వారా ఆయన గానంలో వచ్చిన మార్పునకు సారం ఇదే.

ఈ సమర్థన దృశ్యరూపానికి కూడ చెల్లుతుందా అన్నది వేరే మాట. ఆ కాలపు పాటల చిత్రాలలో గాయకుని చుట్టు సుందరాంగులు నర్తించడం రివాజు. 1996లో 'దర్దీ రబ్ రబ్', 1997లో 'హో జాయేగీ బల్లే బల్లే' వరుసగా విజయం పొందగా, ఈ విజయం పాటది కాదు, నర్తకీమణులదని ఆక్షేపణ బయలుదేరినది. ఆక్షేపణ తీవ్రమైనదే. పాట నాట్యం కోసమే పుట్టి, ఆ నాట్యం మరెవరిదో అయితే గాయకునికి మిగిలేది ఏమి? 1998 నాటి 'తునక్ తునక్ తున్' దీనికి ఆయన ఇచ్చిన సమాధానం. అందులో నర్తకి లేదు, బృందం లేదు. ఒకే గాయకుడు నాలుగు వేషాలలో, నేల, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు భూతాలకు సంకేతంగా, యంత్రసహాయంతో కల్పించిన ప్రకృతిదృశ్యాల నడుమ తనతో తానే ఆడుతాడు. తలపాగా, పొడవైన అంగరఖా ధరించిన ఆ స్థూలకాయుడు చేసే అడుగులు కష్టమైనవి కావు. ఏ పెండ్లిలోనైనా ఏ మేనమామ అయినా వేయగలవే.

ఆ పేరులోని 'తునక్' ఒంటితీగ తుంబీ మ్రోతకు అనుకరణం. 'తా రా రా'లో అక్షరాలు తాళాన్ని మోసినవి. ఇక్కడ అక్షరం వాద్యంగానే మారినది. గీతం, వాద్యం, నృత్తం మూడూ ఒక్క మనిషిలో కలిసినవి. శార్ఙ్గదేవుని నిర్వచనం ఇంత నవ్వుతో, ఇంత రంగులతో నిరూపితమౌతుందని ఎవరూ ఊహించి ఉండరు. పంజాబీ ఒక్క ముక్క రానివారు దేశదేశాలలో ఆ అడుగులు నేర్చినారు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' కంప్యూటరు క్రీడలో ఒక కల్పితజాతి పురుషులు ఆడే ఆట ఇదే.

ఇంత చెప్పినతరువాత లోపాన్ని దాచడం న్యాయం కాదు. నృత్తం శుద్ధమైనదే గాని త్వరగా అలవాటై పోతుంది. తిల్లానా కచేరీ చివర వస్తుంది కనుకనే దానికి ఆ కాంతి. కచేరీ అంతా తిల్లానాయే అయితే చెవి అలసిపోతుంది. దలేర్ తరువాతి ఆల్బములలో ఒక సూత్రం స్థిరపడినది: ఎత్తైన ఆలాపన, చిన్న చరణం, శబ్దపల్లవి, మరల ఆలాపన. శ్రోత తరువాతి మలుపును ముందే పసిగడతాడు. మందగతిలో ఒక మాటపై నిలిచే గజల్ ఓర్పు ఈ పాటలలో ఎక్కడో తప్ప కానరాదు. సూత్రం స్థిరపడినచోట మనిషి లేకపోయినా పని సాగుతుంది. దీనికి న్యాయస్థానంలోనే ఒక ఉపమానం దొరుకుతున్నది. ఆయన రూపాన్ని పోలి, ఆయన పాటలోని ముక్కను పాడే బొమ్మలు అంగళ్ళలో అమ్ముడుపోగా, ఆయన హక్కులు గల సంస్థ వ్యాజ్యం వేసినది. 2010లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానం ఆ అమ్మకాన్ని నిషేధించి, లక్షరూపాయల పరిహారం విధించినది. ప్రసిద్ధుని రూపంపై అతనికే హక్కు కలదని చెప్పిన తీర్పుగా అది న్యాయవాదులకు ముఖ్యం. కళావిమర్శకు అందులో వేరొక హెచ్చరిక ఉన్నది: బొమ్మ పాడగలిగినంతవరకు ఆ పాటలో సూత్రమే ఉన్నది, బొమ్మకు అందనిది ఏదో అదే గాయకుడు.

ఆ అందనిది ఏమిటో తరువాతి సినిమా పాటలు చూపినవి. 2006లో ఎ. ఆర్. రహమాన్ 'రంగ్ దే బసంతీ' పేరిటి పాటకు, 2016లో ప్రీతమ్ 'దంగల్' పేరిటి పాటకు ఈ గళాన్నే కోరుకొన్నారు. 2017లో 'బాహుబలి' రెండవభాగంలో కీరవాణి దీనిని తెలుగులోను వినిపించినాడు. కోడూరి శివశక్తి దత్తా, కె. రామకృష్ణ రచించిన 'సాహోరే బాహుబలి' హిందీలో 'జియో రే బాహుబలి' అయినది. రెంటిలోను పాడినది దలేర్. రెండు భాషలూ తెలిసిన శ్రోత ఈ రెంటిని పక్కపక్కన పెట్టి వింటే ఒక సంగతి తెలుస్తుంది. 'సాహో' మన భట్టులు, వందిమాగధులు పలికిన జయధ్వానం. 'జియో' పెద్దలు దీవించే మాట. అనువాదంలో రాజసభ ఆశీర్వాదసభ అయినది. మాట మారినా పాట చెడలేదు. ఆ కేకలోని బలం నిఘంటువులోది కాదు, ఊపిరిలోది. గజల్‌ను అనువదిస్తే ప్రాణం పోతుంది. ఈ గానం అనువాదంలో నష్టపోయేది స్వల్పం. అందువల్లనే అది పాట్నా, గోరఖ్‌పూర్, ఢిల్లీ దాటి గోదావరితీరం దాకా నడిచి రాగలిగినది. అర్థసంపద కొంత వదలుకొన్నందుకు దక్కిన ప్రతిఫలం ఇది.

కనుక పతనమన్న మాట నిలువదు. కేవల విజయమన్న మాటా నిలువదు. దలేర్ మెహందీ మార్గాన్ని విడిచి దేశికి రాలేదు. మార్గాన్ని దేశికి మోసుకొని వచ్చినాడు. మోసుకొని వచ్చినదంతా వినియోగించలేదన్నది ఆయనపై నిలిచే ఒకే ఒక అభియోగం. దానికి తీర్పు చెప్పే సభ మాత్రం విమర్శకులది కాదు. ఘాజియాబాద్ వీథిలో బరాత్ ఆగినప్పుడు బ్యాండువారు ఆ పల్లవి ఎత్తుకొంటారు. అంతవరకు శాలువ కప్పుకొని ప్రక్కన నిలిచిన ముసలివాడు, పంజాబీ రానివాడు, శాలువను మనుమని చేతికిచ్చి రెండడుగులు వేస్తాడు. జాయప సేనాని ఉన్నట్లైతే ఆ రెండడుగులకు తన దేశి అధ్యాయాలలో చోటిచ్చి ఉండేవాడు.